టమాటా మొక్క వాడినచో వెంటనే నీరు పోయకుడు

గత భాద్రపదమున మా పెరటిలో 14 టమాటా మొక్కలు నిండు పూతతో ఉండెను. ఒకనాటి మధ్యాహ్నము రెండు మొక్కలు తలలు వాల్చినవి. ఆకులు పచ్చగానే ఉన్నవి గదా, దాహమేమోనని తలచి చెంబెడు చాలక బిందెడు నీరు పోసితిని. మరునాటికి నాలుగు, వారము తిరుగునప్పటికి 9 మొక్కలు నేలకొరిగినవి. నేను పోసిన నీరే తెగులును ఒక పాదునుండి మరియొక పాదునకు మోసికొని పోయినదని తరువాత గ్రహించితిని.

రోగిని దర్శన, స్పర్శన, ప్రశ్నములచే పరీక్షింపవలెనని మన వైద్యశాస్త్రము చెప్పుచున్నది. మొక్క మాటాడదు గనుక ప్రశ్నలు మనమే వేసికొనవలెను. ఎప్పుడు వాడినది? చల్లబడిన పిమ్మట తేరుకొన్నదా? సాయంకాలమునకు నిలబడినచో అది ఎండవేడిమి వలన కలిగిన వాడుదల కావచ్చును. పిదప వ్రేలిని రెండు కణుపుల లోతున మట్టిలో గ్రుచ్చి చూడుడు. పొడిగా తగిలిననే నీరు పోయవలెను. మట్టి తడిగా ఉండియు మొక్క వాడినచో నీరు అపథ్యము. గాలి ఆడక వేళ్ళు కుళ్ళుచుండవచ్చును, లేదా తెగులు సోకియుండవచ్చును.

తెల్లవారినను తేరుకొనక, ఆకు పచ్చగా ఉండగనే మొక్క వాలిపోయినచో ఈ పరీక్ష చేయుడు. మొదలు దగ్గర కాండమును రెండు మూడు అంగుళముల ముక్కగా కోసి, గాజుగ్లాసులోని తేటనీటిలో కోసిన కొన మునుగునట్లు కదల్చక పట్టుకొనవలెను. కొద్ది నిమిషములలో పాలదారము వంటి తెల్లని ధార క్రిందికి దిగినచో అది బాక్టీరియా వలన వచ్చు ఎండు తెగులు. మా వంటింటి గ్లాసులో ఆ దారము దిగుట చూచినప్పుడు నేను పోసిన బిందెలన్నియు జ్ఞప్తికి వచ్చినవి.

సోకిన మొక్కను బ్రతికించు మందు లేదు. వేళ్ళతోను, చుట్టునున్న మట్టితోను తీసివేయవలెను, ఎరువుగుంటలో వేయరాదు. కోసిన కత్తిని మరుగు నీటిలో కొంతసేపు ఉంచవలెను. ఆ చోట కొన్ని సంవత్సరములు టమాటాయే గాక వంగ, మిరప, బంగాళాదుంప కూడ నాటరాదు. అవన్నియు ఒకే కుటుంబమునకు చెందినవి. నేను మొక్కజొన్న వేసితిని.

పొరుగింటి వదినగారు జాలిపడి పురుగుమందు సీసా తెచ్చియిచ్చిరి. మా మనుమరాలు పండును కోసినచోటనే, కడుగకయే తినును. పైగా పురుగుమందు ఈ తెగులునకు పనిచేయదు. ఆమె నొచ్చుకొనకుండ సీసాను తిరిగి ఇచ్చుట కొంత కష్టమే అయినది.

గ్లాసులో ధార దిగక, క్రింది ఆకులు ముందుగా పసుపుబారి, తరచుగా మొక్క ఒక వైపే వాడి, కాండమును చీల్చిన గోధుమరంగు చారలు కనబడినచో అది శిలీంధ్రము వలన వచ్చు ఎండు తెగులు. దానిని కూడ పీకివేయవలసినదే. వేళ్ళపై బుడిపెలున్నచో నులిపురుగులు చేరినవని అర్థము. తరువాతి పంటకు ముందు ఆ మడిలో బంతి పెంచుట మేలు.

ఇక ఆకుల సంగతి. చిగురుటాకులు చిన్నవై, పైకి ముడుచుకొని, మొక్క గిడసబారినచో అది వైరస్ వలన కలుగు ఆకుముడత. తెల్లదోమ దానిని వ్యాపింపజేయును. సోకిన మొక్కను తొలగించి, పసుపుపచ్చని అట్టకు ఆముదము పూసి మిగిలిన మొక్కల నడుమ వ్రేలాడదీయుడు. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి, సాయంకాలము ఆకుల అడుగుభాగమున చల్లవలెను. ముదురాకులు మాత్రమే దొన్నెలవలె చుట్టుకొని, మొక్క చక్కగా కాయుచున్నచో బెదరనక్కరలేదు. ఈ రెండింటికి భేదము తెలియక మంచి మొక్కలను పీకివేయువారిని చూచితిని.

క్రింది ఆకులపై ఒకదానిలోనొకటిగా వలయములు గల గోధుమరంగు మచ్చలు వచ్చినచో ఆ ఆకులను త్రుంచి దూరముగా పారవేసి, ఆకులు తడవకుండ మొదట మాత్రమే నీరు పోయవలెను. మిగిలిన 5 మొక్కలకు నేను అట్లే, వ్రేలితో మట్టిని చూచిన తరువాతనే పోసితిని. అవి కార్తీకము వరకు కాచినవి.