ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: కోడికి సోకిన వైరస్ ఊరికి సోకుతుందా?

ప్రశ్న (సూర్యాపేట): కరోనా గబ్బిలాల నుంచి వచ్చిందంటారు. గబ్బిలాలు ఎప్పటి నుంచో ఉన్నాయి కదా?

జవాబు: గబ్బిలాల ఒంట్లో కరోనా జాతి వైరస్‌లు చాలా రకాలుంటాయి. వాటితో గబ్బిలాలకు పెద్దగా జబ్బు చేయదు. వైరస్ కణంలోకి దూరాలంటే దాని మీది ముల్లులాంటి ప్రొటీన్ కణం పైనున్న గ్రాహకానికి అతుక్కోవాలి. గబ్బిలాల వైరస్‌లలో చాలా వాటికి మనిషి కణాల మీది ఏసీఈ2 గ్రాహకం సరిపడదు. సరిపడేవి కొన్ని ఉన్నా, అవి మనిషి దాకా రావడానికి తరచు మధ్యలో మరో జంతువు ఉంటుంది. కరోనా జాతి జబ్బుల్లోనే 2002-03లో సార్స్‌కు పునుగుపిల్లి, 2012లో బయటపడిన మెర్స్‌కు ఒంటె అలా దారి ఇచ్చాయి.

కోవిడ్ తొలి కేసుల్లో చాలావరకు 2019 డిసెంబరులో వుహాన్‌లోని హువానాన్ మార్కెట్ చుట్టూ బయటపడ్డాయి. అక్కడ అడవి జంతువులను ప్రాణాలతోనే అమ్మేవారు. తర్వాత సేకరించిన నమూనాల్లో వైరస్ ఆనవాళ్లు, రకూన్ డాగ్ అనే నక్కజాతి జంతువు జన్యుపదార్థం ఒకేచోట దొరికాయి. మధ్యలో ఉన్న జంతువు ఏదో మాత్రం ఖరారు కాలేదు. ఉన్న ఆధారాలు జంతువుల వైపే మొగ్గుతున్నాయనీ, అడిగిన సమాచారం చైనా ఇవ్వనందున వైరస్ ల్యాబ్ నుంచి బయటపడిందన్న వాదనను కొట్టిపారేయలేమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2025 జూన్‌లో చెప్పింది.

జంతువు నుంచి మనిషికి సోకడం ఒక ఎత్తు, మనిషి నుంచి మనిషికి పాకడం మరో ఎత్తు. మొదటిది అప్పుడప్పుడూ జరుగుతూనే ఉంటుంది, ఎక్కువసార్లు అక్కడితోనే ఆగిపోతుంది. సార్స్ రోగి జబ్బు ముదిరాకే ఎక్కువగా అంటించేవాడు. అప్పటికే ఆస్పత్రిలో ఉండేవాడు కాబట్టి, సుమారు 8 వేల కేసుల తర్వాత సార్స్‌ను అడ్డుకోగలిగారు. కోవిడ్ మాత్రం జ్వరం, దగ్గు మొదలవడానికి రెండు రోజుల ముందు నుంచే అంటుకోగలదు. 2020 ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెట్ చుట్టుపక్కల జరిగింది ఇదే. నెలాఖరుకు జిల్లాలో కేసులు 80 దాటాయి. అష్టాచెమ్మా ఆడినచోట కూడా పాకిందని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆటను, ఆడినవారిని నిందించడం అన్యాయం. ఒంట్లో బాగానే ఉన్న మనిషి పక్కన గంటసేపు కూర్చుంటే ప్రమాదమని ఎవరూ అనుకోరు, వైరస్‌కు అదే కలిసొచ్చింది.

ప్రశ్న (కోదాడ): 2025 ఫిబ్రవరిలో ఆంధ్ర నుంచి వచ్చే కోళ్ల లారీలను రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర ఎందుకు వెనక్కి పంపారు?

జవాబు: గోదావరి జిల్లాల్లోని ఫారాల్లో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ ఉన్నట్టు భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల తేల్చింది. జబ్బు కోళ్లతో పాటు బుట్టలు, లారీ టైర్లకు అంటిన రెట్ట కూడా వైరస్‌ను మరో ఫారానికి మోస్తాయి. ఆ కట్టడి ముందుగా కోళ్ల కోసమే అయినా, మనిషికీ పనికొచ్చేదే.

ఈ వైరస్ అతుక్కునే గ్రాహకాలు పక్షుల్లో మెండు. మనిషిలో అవి ముక్కు, గొంతుల్లో తక్కువగా, ఊపిరితిత్తుల లోతుల్లో ఎక్కువగా ఉంటాయి. అందుకే మనిషికి సోకడం అరుదు, సోకితే ప్రాణాంతకం. 2003 నుంచి ప్రపంచమంతటా నమోదైనవి 900 పైచిలుకు కేసులే, వారిలో దాదాపు సగం మంది చనిపోయారు. 2025 మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ల పాప దీనితోనే మరణించింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నట్టు ఇంటివారు చెప్పారు. వారిలో ఎవరికీ అంటలేదు. వైరస్ మారి ముక్కు, గొంతు కణాలకు అతుక్కోవడం నేర్చుకుంటే లెక్క మారుతుంది. శాస్త్రవేత్తలు కోళ్ల జబ్బును కూడా ఇంత నిశితంగా గమనించేది అందుకే.

ప్రశ్న (మిర్యాలగూడ): అలాంటప్పుడు చికెన్, గుడ్లు మానేయాలా?

జవాబు: అక్కర్లేదు. 70 డిగ్రీల వేడి లోపలిదాకా తగిలితే వైరస్ చచ్చిపోతుంది, ఇళ్లలో ఉడికే కూర వేడి అంతకంటే ఎక్కువే. సగం ఉడికిన గుడ్డు, పచ్చిమాంసం పిల్లల నోట్లోకి పోనివ్వకూడదు. మాంసం కోసిన కత్తి, పీట సబ్బుతో కడగాలి. చచ్చిన కోడిని ఒట్టి చేతులతో ముట్టుకోకుండా పశువైద్యశాలకు కబురు చేయాలి. ఫారంలో పనిచేసేవారికి జ్వరం, ఆయాసం వస్తే డాక్టరుకు కోళ్ల సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే మామూలు ఫ్లూ అనుకుని బర్డ్ ఫ్లూ పరీక్షే రాయకపోవచ్చు.