ముందు బిడ్డ నెత్తుకొనుము

హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్లగారు 1992లో మైక్రోసాఫ్ట్ సంస్థకు ఉద్యోగార్థియై వెళ్లిరి. వీధిలో పసిబిడ్డ పడి యేడ్చుచుండిన నేమి చేయుదువని పరీక్షకుడు ప్రశ్నింపగా, అత్యవసర సహాయమునకు ఫోను చేయుదునని బదులిచ్చిరి. ముందు బిడ్డ నెత్తుకొనవలెనని పరీక్షకుడు బోధించెను. మస్తిష్క పక్షవాతముతో జన్మించిన కుమారుని పెంపకమున ఆ బోధ వారికి అనుభవమయ్యెను.

2014లో ఆ సంస్థకు అధిపతియై, 'అన్నియు నెరుగుదుము' అను భావమును వీడి, నేర్చుకొనువారు కావలసినదని సహోద్యోగులను కోరిరి. ఆ యేడే 18,000 వరకు ఉద్యోగములను తొలగింతుమని సంస్థ ప్రకటించెను.

సానుభూతి కఠిన నిర్ణయమును తప్పింపజాలదు. అయినను, మార్పును శాసించు నాయకుడు ముందుగా భయపడినవాని చెంత కేగి, వాని మాట వినవలెను. నియమము తరువాతిది.

పాఠకులారా! మన కార్యాలయమున నేడు ఏడ్చుచున్నవా రెవరు?