మాత్ర మెల్లగా తగ్గించాలి

ఒంటిమిట్టలో ఒకామెకు కీళ్లవాతం. ఏడాదిగా స్టెరాయిడ్ మాత్ర మింగుతోంది. డాక్టరు మాత్ర తగ్గించాడు. ఒళ్లంతా నొప్పులు లేచినాయి.

“ఈ మాత్రే వద్దు. మానేస్తా” అనింది.

“ఒక్కసారిగా మానగూడదు అక్కా. ప్రాణానికే ముప్పు” అనింది నర్సమ్మ.

ఎందుకు?

మూత్రపిండాల పైన చిన్న గ్రంథులు ఉంటాయి. ఒంటికి కావలసిన స్టెరాయిడ్ అవే తయారు చేస్తాయి. మాత్ర చాలాకాలం వాడితే అవి నిద్రపోతాయి. మళ్లీ లేవడానికి నెలలు పట్టవచ్చు.

నొప్పులు వస్తే?

వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టాలి. మెల్లగా నడవాలి. తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి. అంగట్లో నొప్పిమాత్ర కొనరాదు. కడుపులో పుండు పడవచ్చు.

వాంతులయినా, కళ్లు తిరిగినా, సొమ్మసిల్లినా 108కి ఫోను చేయాలి.

మాత్ర అట్ట మీద అంకె చదవండి. 10 ఉందా? 5 ఉందా? డాక్టరు చీటీతో సరిచూడండి.