సందేహాలు – సమాధానాలు: కాలేజీ ఫుట్‌బాల్‌లో డిఫెన్స్

ప్రశ్న: మా యూనివర్సిటీ జట్టులో ముందు వరుస డిఫెండర్లలో కొందరు చదువు పూర్తయి, కొందరు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా వెళ్లిపోయారు. కొత్త సీజన్‌లో ఈ లోటును ఎక్కువ బ్లిట్జ్‌లతో పూడ్చుకోవచ్చా?
– ఎం.ఎస్. విద్యార్థి, డాలస్

జవాబు: పూడ్చుకోలేరు. బ్లిట్జ్ అంటే వెనక కాపలా ఉండాల్సినవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరికించడం. ఇప్పుడు చాలా కాలేజీ జట్లు బంతి అందీ అందగానే పొట్టి పాస్ వేసేస్తున్నాయి. మీ ఆటగాడు అక్కడికి చేరేసరికి బంతి అతను ఖాళీ చేసి వచ్చిన చోటికే వెళ్లిపోతుంది.

మీ కోచ్ 2017 నాటి అయోవా స్టేట్ ఆటను చూస్తే బాగుంటుంది. అంతకుముందు ఏడాది 12 మ్యాచ్‌ల్లో 3 మాత్రమే గెలిచిన జట్టది. డిఫెన్స్ కోచ్ జాన్ హీకాక్ ముందు వరుసలో ముగ్గురినే నిలిపి, వెనక ముగ్గురు సేఫ్టీలను పెట్టాడు. తరచూ ఎనిమిది మంది పాస్ దారులు కాసేవారు. మధ్య సేఫ్టీ, ప్రత్యర్థి పరుగు ఎత్తుకుంటే లైన్‌బ్యాకర్‌లా ముందుకు దూకుతాడు, పాస్ అయితే వెనకే ఉంటాడు. క్వార్టర్‌బ్యాక్‌కు అంతుచిక్కనిది ఇతనే. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి లోపలికి రానిచ్చి పట్టినట్టు, చిన్న పాస్‌ను అందుకోనిచ్చి అక్కడికక్కడే పడగొట్టడం ఇందులో కీలకం. ఆ అక్టోబర్ 7న 3వ ర్యాంకు ఓక్లహోమాను, క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్ ఆడుతుండగా, దాని సొంత మైదానంలోనే 38–31తో ఓడించారు. 31 పాయింట్లు ఇచ్చిన డిఫెన్స్ ఏం డిఫెన్స్ అంటారేమో, అదే నెల 28న 4వ ర్యాంకు టీసీయూను 14–7తో కట్టడి చేశారు. మిడిల్ లైన్‌బ్యాకర్ జోయెల్ లానింగ్ అంతకుముందు ఏడాది క్వార్టర్‌బ్యాక్! ఉన్నవాళ్లలో ఎవరు ఎక్కడ పనికొస్తారో అంత శ్రద్ధగా వెతికారు.

ఇందులో లోపమూ ఉంది. ముందున్న ముగ్గురూ తోపుకు లొంగితే ప్రత్యర్థి నాలుగైదు గజాల చొప్పున పరుగులు తీస్తూ పోతాడు. కాబట్టి ఆగస్టు శిక్షణలో కొత్త ఎత్తుల కంటే టాకిలింగ్‌కే ఎక్కువ గంటలు ఇవ్వాలి. 2021 నాటి జార్జియాలా ఆడాలని అందరికీ ఉంటుంది. కానీ ఆ డిఫెన్స్ నుంచి 2022 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ తొలి రౌండ్‌లోనే ఐదుగురు ఎంపికయ్యారు, వారిలో ముగ్గురు ముందు వరుసవాళ్లే. అలాంటి బలగం లేకుండా ఆ పద్ధతి జోలికి వెళ్లకూడదు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో చదువుతున్నాడు, వాడి వల్ల ఈ ఆట అలవాటైంది. ఎన్‌ఎఫ్‌ఎల్ డిఫెన్స్ ఎత్తుగడలే కాలేజీ జట్లూ వాడితే సరిపోదా?
– ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: మైదానం వెడల్పు రెండుచోట్లా 160 అడుగులే. తేడా మధ్యలోని హాష్ గీతల్లో ఉంది. వాటి మధ్య దూరం ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18.5 అడుగులు, కాలేజీలో 40. కాలేజీలో బంతిని హాష్ గీత మీద పెడితే ఒక పక్క 20 గజాలే ఉంటాయి, రెండో పక్క 33 గజాలకు పైగా ఉంటాయి. అంత ఖాళీని కాయడానికి అత్యంత వేగం గలవాణ్ణి ఆ పక్కనే ఉంచాలి.

ఇంకోటి, పాస్ వేసేటప్పుడు అఫెన్స్ లైన్‌మెన్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక గజం, కాలేజీలో 3 గజాల దాకా ముందుకు వెళ్లొచ్చు. వాళ్లు పరుగు ఆటకన్నట్టు తోసుకొస్తుంటే లైన్‌బ్యాకర్ ముందుకు దూకుతాడు, అతని వీపు వెనక పాస్ పడుతుంది. అందుకే ఒకే లైన్‌బ్యాకర్‌కు రెండు బాధ్యతలు అప్పగించే ఎత్తులు కాలేజీలో తగ్గించాలని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: హెల్మెట్‌లో రేడియో వచ్చింది కదా, డిఫెన్స్‌కు ఇంకా చేతి సైగలు ఎందుకు?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, విజయవాడ

జవాబు: 2024 నుంచి పెద్ద కాలేజీ జట్లకు ఆ సౌకర్యం ఉంది. కానీ ప్లే క్లాక్‌లో 15 సెకన్లు మిగిలుండగానే కోచ్ మాట ఆగిపోతుంది, బంతి ముందే కదిలితే అప్పుడే ఆగుతుంది. పైగా వినగలిగేది మైదానంలో ఒక్కరే. ఆ తర్వాత అఫెన్స్ వరుస మార్చితే మిగతా పదిమందికి చెప్పేది సైగలే. రేడియో హెల్మెట్‌ను మధ్యమధ్య బయటికి వెళ్లేవాడికి కాక, ప్రతి ఆటలోనూ మైదానంలో ఉండే లైన్‌బ్యాకర్‌కో సేఫ్టీకో ఇవ్వాలి.