87తో భాగిస్తే రైలు చిన్నదవుతుందా?

ఢిల్లీ ఐఐటీ పక్కనే ఉన్న జియా సరాయ్ ఇరుకు సందుల్లో నెట్, జామ్, గేట్ పరీక్షలకు ఫిజిక్స్ చదివే విద్యార్థుల అద్దె గదులు చాలా ఉన్నాయి. అలాంటి ఒక గది పొడవు 10 అడుగులు అనుకుందాం. అందులో బొగ్గు మోసే గూడ్సు బండి నమూనా నడపాలంటే ఎంత చోటు కావాలి?

నమూనా రైళ్లలో బాగా ప్రచారంలో ఉన్న కొలత హెచ్‌ఓ. అంటే అసలు బండిని 87 రెట్లు తగ్గించడం. మన రైల్వేల బాక్స్‌ఎన్ వ్యాగన్ పొడవు కప్లర్లతో కలిపి 10.7 మీటర్లు. నమూనాలో అది 12.3 సెంటీమీటర్లు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ 58 వ్యాగన్ల పూర్తి రేకు కడితే ఇంజన్ లేకుండానే 7 మీటర్లు దాటిపోతుంది. వంపులతో తంటా ఇంకా ఎక్కువ. మన బ్రాడ్‌గేజ్‌లో అనుమతించే అతి బిగువైన వంపు వ్యాసార్ధం 175 మీటర్లు. 87తో భాగిస్తే 2 మీటర్లు. బండి వెనక్కి తిరగాలంటే 4 మీటర్ల వెడల్పు ఉండాలి. గదిలో ఉన్నది 3 మీటర్లే. అందుకే బజారులో దొరికే పట్టాల సెట్లలో వంపు వ్యాసార్ధం 46 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అసలు రైలైతే అంత వంపులో తిరగనే లేదు.

పట్టాల మధ్య దూరం దగ్గర మనవాళ్లకు మరో చిక్కు ఉంది. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఇది యూరప్, అమెరికాల్లోని 1,435 మి.మీ. గేజ్‌కు సరిపోతుంది. మన బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ. దాన్ని అదే నిష్పత్తిలో తగ్గిస్తే 19.25 మి.మీ. రావాలి. అలాంటి పట్టాలు కావాలంటే సొంతంగా వేసుకోవాలి. లేదా బండి పెట్టె కొలత సరిగ్గా ఉంచి, కింద చక్రాలను దగ్గరకు జరిపి సర్దుకోవాలి. ముందు నుంచి చూస్తే బండి కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డట్టుంటుంది. తమాషా ఏమిటంటే, దేశంలో దాదాపు కనుమరుగైన మీటర్‌గేజ్‌కు ఈ ఇబ్బంది లేదు. దానికి సరిపడే 12 మి.మీ. పట్టాలు విదేశీ కంపెనీలు ఎప్పటి నుంచో చేస్తున్నాయి.

ఇక బరువు. పొడవు 87 రెట్లు తగ్గితే ఘనపరిమాణం 87 ఘనం రెట్లు, అంటే సుమారు 6.6 లక్షల రెట్లు తగ్గుతుంది. ఖాళీ బాక్స్‌ఎన్ బరువు 22.5 టన్నులు. లెక్క ప్రకారం నమూనా 34 గ్రాములు తూగాలి. అంత తేలిక పెట్టె పొడవైన రేకు మధ్యలో ఉంటే, వంపు తిరిగేటప్పుడు ముందు నుంచి ఇంజను, వెనక నుంచి మిగతా పెట్టెలు లాగి దాన్ని లోపలి వైపుకు పడేస్తాయి. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ దీనికి ఒక సూత్రం పెట్టింది. హెచ్‌ఓ పెట్టెకు ముందు ఒక ఔన్సు, ఆపైన ప్రతి అంగుళం పొడవుకు అర ఔన్సు. ఆ లెక్కన మన వ్యాగన్ సుమారు 97 గ్రాములు ఉండాలి. దాదాపు మూడు రెట్లు! కొలతల్లో నిజాయితీగా ఉంటే బండి పడిపోతుంది, బరువులో అబద్ధమాడితే నిలబడుతుంది.

వివరాలు ఎంతవరకు చెక్కాలన్నది కంటి సామర్థ్యమే తేలుస్తుంది. 60 సెంటీమీటర్ల నుంచి నమూనాను చూడటమంటే అసలు బండిని 52 మీటర్ల దూరం నుంచి చూడటమే. ఆరోగ్యకరమైన కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణాన్ని విడదీసి చూడగలదు. ఆ దూరంలో అది ఒకటిన్నర సెంటీమీటరు. అంతకంటే చిన్న నట్టును చెక్కడం ఓపికకు పరీక్షే తప్ప చూసేవారికి పెద్దగా దక్కేదేమీ లేదు.

అసలు పనితనం కనిపించేది వెదరింగ్‌లో. ఎండా వానా దుమ్మూ పడిన గుర్తులను రంగులతో తేవడాన్ని అలా అంటారు. కాజీపేట మీదుగా వెళ్లే సింగరేణి బొగ్గు రేకును ఒకసారి నిలబడి చూస్తే, మరకలు ఇష్టం వచ్చినట్టు ఉండవని తెలుస్తుంది. నీరు ఆగే అతుకుల దగ్గర తుప్పు మొదలై, కిందికి గీతలా జారుతుంది. లోపలి గోడలకు తడి బొగ్గు తగిలి నల్లబడతాయి. బ్రేకుల నుంచి రాలిన గోధుమ రంగు ధూళి చక్రాల చుట్టూ పేరుకుంటుంది. ప్రతి మరకకూ ఒక కారణం ఉంటుంది. కారణం తెలియకుండా వేసిన తుప్పు నకిలీదని ఇట్టే తెలిసిపోతుంది.

రంగు పల్చగా కలిపి పూస్తే అది కేశనాళికీయత వల్ల సందుల్లోకి తనంతట తానే పాకుతుంది. కానీ చదునైన చోట చుక్క ఆరితే అంచున నల్లటి వలయం మిగులుతుంది. కాఫీ ఒలికి ఆరిన మరక అంచు కూడా ఇలాగే ముదురుగా ఉంటుంది. అంచు దగ్గర ద్రవం వేగంగా ఆవిరవుతుంటే, ఆ లోటు పూడ్చడానికి మధ్య నుంచి ద్రవం బయటికి ప్రవహిస్తూ రంగు రేణువులను మోసుకెళ్తుందని 1997లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు నేచర్ పత్రికలో వివరించారు. చుక్క సబ్బు ద్రవం కలిపితే తలతన్యత తగ్గి, రంగు ముద్దగా నిలవకుండా పరుచుకుంటుంది. పొడి తుప్పుకు ఐరన్ ఆక్సైడ్ వర్ణక పొడి వాడతారు. అసలు తుప్పులో ఉండేదీ ఇనుప ఆక్సైడ్లే కాబట్టి రంగు కలపడంలో అంత కష్టం ఉండదు.

ఒక చోట మాత్రం కుంచె ఆగాలి. చక్రం పట్టాను తాకే పట్టీ అసలు బండిలో రాపిడికి వెండిలా మెరుస్తుంది, తుప్పు అక్కడ నిలవదు. నమూనా ఇంజన్ పట్టాల నుంచి కరెంటు తీసుకునేది కూడా ఆ పట్టీ ద్వారానే. దానికి రంగు అంటితే బండి కదలదు.