ఒకే నౌక – పలు భాషలు

సముద్రం దేశాలను విడదీస్తుందని సామాన్యంగా భావిస్తాం. మధ్యధరా సముద్రం విషయంలో ఈ మాట చెల్లదు. ఐరోపా, ఆఫ్రికా, ఆసియా ఖండాలు మూడువైపులా ఆవరించిన ఈ జలధి తీరాన ఇటాలియన్, స్పానిష్, ఫ్రెంచి, గ్రీకు, అరబ్బీ, తుర్కీ భాషలు శతాబ్దాలుగా ఇరుగుపొరుగున మెలగుతున్నాయి. రేవులలో బేరసారాలకు, నౌకలలో పనులకు ఎవరి భాష వాడాలన్న చిక్కు ఏనాడో తలెత్తింది. నావికులు, వర్తకులు దానికొక ఉపాయం కనుగొన్నారు. ఇటాలియన్, స్పానిష్ మాటలకు కొన్ని అరబ్బీ, తుర్కీ పదాలు చేర్చి ఒక మిశ్రభాషను వాడుకలోకి తెచ్చారు. దానికి 'లింగ్వా ఫ్రాంకా' అనీ, 'సబీర్' అనీ పేర్లు. అందులో క్రియాపదం పురుష, వచన భేదాలను పట్టించుకోదు. వ్యాకరణమంటే జంకే విద్యార్థులకు అది స్వర్గతుల్యమైన భాష! ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ 1670లో ప్రదర్శించిన ఒక ప్రహసనంలో హాస్యం కోసం దానిని వాడుకొన్నాడు. 19వ శతాబ్దిలో అది క్రమంగా కనుమరుగైంది.

భాష పోయినా చిక్కు మిగిలింది. నేటి విహారనౌకలు వేలాది జనాన్ని మోసే తేలియాడే పట్టణాలు. సవోనా, మార్సేయ్, బార్సిలోనా, పలెర్మో వంటి రేవుల మీదుగా వలయాకారంగా సాగే యాత్రలలో ప్రయాణికులు ఒకచోటనే గాక దారిపొడుగునా ఎక్కుతుంటారు. అందుచేత ఒక ప్రకటనను ఇటాలియన్, ఆంగ్లం, ఫ్రెంచి, స్పానిష్, జర్మన్ భాషలలో వరుసగా వినిపించడం పరిపాటి. విహారానికి వచ్చినవారికి ఇది విసుగు కలిగించవచ్చు. వడ్డించేవారు, గదులు సర్దేవారు తరచుగా భారతదేశం, ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల నుండి వచ్చినవారు. భోజనశాలలో భాష తడబడితే కోరిన వంటకానికి మారుగా మరొకటి వస్తుంది, నవ్వుకొని తినవచ్చు. ఆపదలో తడబడితే సంగతి వేరు.

2012 జనవరి 13 రాత్రి 'కోస్టా కాంకోర్డియా' అనే నౌక ఇటలీలోని జిల్యో ద్వీపం చెంత శిలను ఢీకొన్నది. అందులో ఉన్నవారు 4,229 మంది. ప్రయాణికులలో ఇటాలియన్లు వెయ్యికి చేరువగా, జర్మన్లు ఐదు వందలకు పైగా, ఫ్రెంచివారు నాలుగు వందలకు పైగా ఉన్నారు. సిబ్బందిలో సుమారు రెండు వందల మంది మన దేశీయులు. నౌక పనిభాష ఇటాలియన్. అది సిబ్బందిలో అందరికీ తెలియదు. ప్రమాదానికి ముందు నౌకాధిపతి ఆంగ్లంలో ఇచ్చిన ఆదేశాన్ని చుక్కాని పట్టిన ఇండోనేషియా నావికుడు సరిగా గ్రహించలేదు. అయితే ప్రమాదానికి అదే మూలమనడం న్యాయం కాదు. నౌకాధిపతి రాత్రివేళ అమిత వేగంతో నౌకను తీరానికి చేరువగా నడిపించాడు. విద్యుత్తులో లోపమని ప్రయాణికులకు చెప్పి, నౌకను విడిచిపొమ్మనే ఉత్తర్వును గంటకు పైగా జాప్యం చేశారు. 32 మంది మరణించారు. వారిలో ముంబయికి చెందిన ఒక పరిచారకుడు కూడా ఉన్నాడు. అసత్యాన్ని ఎన్ని భాషలలోకి అనువదించి ఏమి లాభం?

ఆ సాయంత్రమే ఎక్కిన వందలాది ప్రయాణికులకు రక్షణాభ్యాసం ఇంకా జరగలేదు. అప్పటి నియమం అందుకు 24 గంటల గడువిచ్చింది. సముద్రయానంలో ప్రాణరక్షణకు ఉద్దేశించిన 'సోలాస్' అనే అంతర్జాతీయ ఒడంబడికను సవరించారు. 2015 జనవరి 1 నుండి నౌక బయలుదేరకముందే గాని, బయలుదేరిన వెంటనే గాని ఆ అభ్యాసం జరిపి తీరాలి.

నావికుల శిక్షణ నియమాలలో మరొక వివేకం కనిపిస్తుంది. ఆ మార్గంలో ప్రయాణించే ప్రధాన దేశీయుల భాషలను సిబ్బంది దృష్టిలో ఉంచుకోవాలి. అది కుదరనప్పుడు సులభమైన ఆంగ్ల పదాలను, అదీ చాలనప్పుడు చేతి సైగలను, చేసి చూపించడాన్ని ఆశ్రయించాలి. ప్రాణరక్షక కవచాన్ని ఎలా తొడుక్కోవాలో వర్ణించడం కంటె తొడుక్కొని చూపడం మేలు. అత్యవసర సంకేతానికి అసలు భాషే లేదు. ఏడు లేదా అంతకు మించిన హ్రస్వ ధ్వనులు, వెంటనే ఒక దీర్ఘ ధ్వని. ఛందస్సు చదివిన మనకు అవి ఏడు లఘువులు, ఒక గురువు. అది వినగానే ఎటు నడవాలో ముందుగా నేర్పి ఉంటే, ఏ దేశీయుడైనా అటు నడుస్తాడు.