నేల ఉసిరి - కాలేయ రక్షణ : ఒక పరిశీలన

తొలకరి పడగానే రావులపాలెం చుట్టుపక్కల అరటితోటల్లోనూ, కాలవగట్ల మీదా జానెడెత్తున నేల ఉసిరి మొలుస్తుంది. రెమ్మను తిరగేసి చూస్తే సన్నని కాయలు వరుసగా కనిపిస్తాయి. పచ్చకామెర్లు వచ్చినవారికి దీన్ని సమూలంగా నూరి మజ్జిగలో ఇవ్వటం మన పెద్దల అలవాటు. "తగ్గిందా?" అంటే "తగ్గింది" అంటారు. అబద్ధమేమీ కాదు. కాని కలుషితమైన నీటివల్ల వచ్చే హెపటైటిస్-ఎ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. మరి తగ్గించింది మొక్కా, కాలమా?

ఈ చిక్కు విప్పటానికే ఎలుకలపై ప్రయోగం. జంతు నైతిక సంఘం అనుమతి తీసుకుని, ఎలుకలకు పారాసిటమాల్ అధిక మోతాదులో ఇస్తారు. కాలేయం ఈ మందులో కొంత భాగాన్ని విషపదార్థంగా మారుస్తుంది. మామూలు మోతాదులో పుట్టే కొద్దిపాటి విషాన్ని గ్లూటాథయోన్ విరిచేస్తుంది. మోతాదు మించితే ఆ నిల్వ కరిగిపోయి కణాలు చస్తాయి, వాటిలోని ఎస్.జి.పి.టి., ఎస్.జి.ఓ.టి. అనే ఎంజైములు రక్తంలోకి కారతాయి. ఒక గుంపుకు ఉత్త ద్రావకం, ఒక గుంపుకు పారాసిటమాల్ మాత్రమే, ఒక గుంపుకు పారాసిటమాల్‌తో పాటు పేరున్న సిలిమారిన్, మిగతావాటికి మొక్కసారం. చివరకు రక్తపరీక్ష, సూక్ష్మదర్శిని కింద కాలేయపు ముక్క. మొక్కసారం తీసుకున్న ఎలుకల్లో ఎంజైములు తక్కువుంటే "రక్షణ ఉంది" అని రాసేస్తాం.

అక్కడే ఆగి ఆలోచించాలి. సారాన్ని విషానికి ముందే వారంపాటు ఇచ్చామా, తరువాతనా? రోగి వచ్చేది తరువాత కదా! ఇంకొకటి: సారమో, దాన్ని కరిగించిన డి.ఎం.ఎస్.ఓ. ద్రావకమో అసలు విషం తయారవకుండానే అడ్డుపడి ఉండవచ్చు. అప్పుడు ఎలుక బతికింది గాని, కాలేయానికి బలం వచ్చిందనలేం. పైగా మనం తీసేది ఆల్కహాలు సారం; అవ్వ ఇచ్చేది మజ్జిగలో ముద్ద. రెండూ ఒకే మందు కావు.

అలాగని ఎలుకల ప్రయోగం వృథా కాదు. గ్లూటాథయోన్ సంగతి అలాగే బయటపడి, 1970లలో ఎసిటైల్ సిస్టీన్ విరుగుడుగా వాడుకలోకి వచ్చింది. పారాసిటమాల్ మింగిన ఎనిమిది గంటల్లోపు ఇస్తే అది చాలా బాగా పనిచేస్తుంది.

మనుషుల మీద? 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్-బి వాహకులకు నేల ఉసిరి పొడి నెలరోజులిచ్చి, 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు పోయిందని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో పోయింది ఒక్కరికే. దేశమంతా సంబరపడింది. తరువాత ఇతరచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు.

మన ఊళ్లలో అసలు ప్రమాదం వేరు. క్షయకు ఇచ్చే ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ కొందరి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. కళ్లు పచ్చబడితే డాక్టరు ఆ బిళ్లలు ఆపి, రక్తం చూసి, ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెడతారు. బిళ్లలు మింగుతూనే పసరు తాగుతున్న రోగికి మన ఎలుకల పట్టిక చూపించేముందు, అతని ఎస్.జి.పి.టి. ఎంతుందో అడగండి.